పలక మాట వినే మనిషి

మార్కాపురం పలకల కార్ఖానాలో చెకింగ్ మేస్త్రీ ఉద్యోగానికి మనుషులను పిలిచినప్పుడు, ఆ పని పద్దెనిమిదేళ్లుగా చేస్తున్న మనిషిని పిలవలేదు. ఆమె దగ్గర నెల రోజులు నేర్చుకున్న నన్ను పిలిచారు. ఎవరు నేర్పారని అడిగితే నేను ఆమె పేరు చెప్పలేదు. ఉద్యోగం నాకే ఇచ్చారు.

ఇందులో మొదటి తప్పు కార్ఖానా వాళ్లది. రెండోది నాది. మొదటి తప్పు గురించి యాభై ఏళ్లుగా దొరికినవాడినల్లా కూర్చోబెట్టి చెబుతూనే ఉన్నాను. రెండోదాని గురించి ఒక్క మనిషికే చెప్పాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

దీనికి కారణం ఒక శాలువా. పోయిన నెల మా ఊళ్లో సభ పెట్టి పాత పనివాళ్లను సన్మానించారు. మైకు పట్టుకున్నాయన నన్ను చూపించి, ఏ బడికీ పోకుండా, ఎవరి సాయమూ లేకుండా, స్వయంకృషితో పైకి వచ్చిన పెద్దమనిషి అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. లేచి కాదని చెబుదామనుకున్నాను. మోకాళ్లు లేచేలోపు రెండో ముసలాయన మెడలో దండ పడింది. శాలువా మాత్రం ఇంటికొచ్చేదాకా భుజం మీద దురదగొండి ఆకులాగా ఉంది.

ఆమె పేరు ఇక్కడ కూడా రాయను. చెప్పవలసిన చోట చెప్పనివాడు ఇప్పుడు అచ్చులో వేసి మంచివాడు అనిపించుకోవడం నాకు నచ్చదు. మనిషి ఎలా ఉండేదో చెబుతాను. అది చాలు.

మాది అప్పుడు కర్నూలు జిల్లా. పై దొరతనమంతా మద్రాసులో. యుద్ధం నడుస్తోంది. గనిలో రాయి చీల్చి, పలకలుగా కోసి, నున్నగా రుద్ది కార్ఖానాకు తెచ్చేవారు. చెక్క చట్రం బిగించే ముందు ఒక్కో పలకనూ వేలితో కొట్టి చూడాలి. రాయి లోపల నెర్రె ఉంటే కంటికి కనిపించదు. చూడటానికి మంచి పలకే. రైలెక్కి మద్రాసు చేరేసరికి రెండు ముక్కలై ఉంటుంది. కన్ను పట్టలేనిదాన్ని చెవి పట్టాలి. ఆ పని ఒక రేకుల షెడ్డులో ఆరుగురు ఆడవాళ్లు చేసేవారు. ఆరుగురూ ఊరి బయట పల్లెలోని క్రైస్తవుల ఇళ్లవాళ్లే.

అది ఎవరో దయతలచి ఇచ్చిన పని కాదు. చేతికి గాజులుంటే పలక మోతలో గాజుల మోత కలుస్తుంది. కార్ఖానాలో తక్కిన ఆడవాళ్లు ముత్తైదువలు. కూలి కోసం గాజులు తీయరు. తీయమని అడిగే ధైర్యం కార్ఖానా యజమాని శెట్టిగారికి కూడా లేదు. ఈ పల్లెవాళ్లు మతంలో కలిసినప్పుడే, అమ్మమ్మల నాడే, నగలూ గాజులూ వదిలేశారు. అందుకని ఆ ఖాళీ చేతులకు పని దొరికింది. ఆ చేతులు చూసి ఊళ్లోవాళ్లు వెనక ఏమనుకునేవారో ఆమెకు తెలుసు. గాజులుంటే ఈ పలక నాతో మాట్లాడేదా అనేది, అంతే.

ఆరుగురిలో పెద్దది ఆమె. పొట్టి మనిషి, నల్లగా, చింతగింజలా మెరుస్తూ ఉండేది. పలకను ఒక మూల రెండు వేళ్ల మధ్య పట్టుకుని, మేకపిల్లను చెవి పట్టి లేపినట్టు లేపేది. వేలాడనిచ్చేది. తల ఎడమ పక్కకు వంచి, కళ్లు మూసుకుని, నడిమి వేలు మెటికతో ఒక్కటి కొట్టేది. మంచి పలక ఖంగుమనేది. నెర్రె పలక బొంగురుగా పలికేది. ఇంతవరకూ మిగతా ఐదుగురికీ తెలుసు. ఆమెకు ఇంకా తెలుసు. ఇది జొరమొచ్చిన పలక అనేది. అంటే తడి ఆరలేదని. ఇది పుట్టింటికి పోతా ఉన్న కోడలనేది. అంటే ఎక్కడ ముట్టినా ఖణేలుమంటుందని. ఒక్కోసారి ఒక పలకను కొట్టి, మళ్లీ కొట్టి, మూడో మూల కొట్టి, పెదవి విరిచి పక్కన పడేసేది. ఇది అబద్ధాల పలక అనేది. ఒక మూల బాగా మోగి, ఇంకో మూల మూగబోయేవి అవి. తొందరపడినవాడు మొదటి మూల కొట్టి, మోసపోయి, మంచివాటిలో వేస్తాడు.

ఈ కొట్టి చూసే అలవాటు ఆమెకు కార్ఖానా గేటు దాటినా పోయేది కాదు. శుక్రవారం సంతలో కుండలు కొనేవాళ్లు ఆమెను వెంట తీసుకుపోయేవారు. కుమ్మరాయన ఆమెను చూడగానే మొహం పక్కకు తిప్పుకునేవాడు. గుమ్మడికాయ కొట్టేది, బావి గిలక కొట్టేది, కొత్తగా వేసిన తలుపు కొట్టేది. ఆదివారం గుడిలో అందరూ పాడుతుంటే తాను పాడకుండా వినేదట. పాట అయ్యాక ఎవరో ఒకరి దగ్గరికి పోయి, నీ గొంతులో ఏందో ఉంది, ఆసుపత్రికి పో అనేదట. పాస్టరుగారు ఒకసారి మందలించారట, దేవుని సన్నిధిలో మనుషులను పలకల్లాగా ఏరొద్దని. దేవుడు కూడా ఏరేటప్పుడు ఇట్లనే ఇంటాడు గదయ్యా అన్నదట.

నేను అదే కార్ఖానాలో ప్యాకింగ్ కూలీని. మా నాయన గని నుంచి రాయి తోలే బండిమనిషి. మూడో తరగతితో నా బడి అయిపోయింది. తర్వాత నా చదువంతా పలకల మధ్య పెట్టే పాత పేపర్లే. మద్రాసు నుంచి బస్తాల్లో వచ్చేవి, తెలుగువీ ఇంగ్లీషువీ. పలక చుట్టే ముందు కాగితం చదివేవాణ్ని. సగం వార్త చదివేసరికి రెండో సగం ఇంకో పెట్టెలోకి పోయేది. ప్రపంచంలో ఏం మొదలైందో నాకు బాగా తెలుసు, ఏమైందో తెలియదు. అయినా ఎవరూ నేర్పకుండా ఇంగ్లీషు చదవగలుగుతున్నానని నాకు చానా గర్వం. ఆ గర్వమే తర్వాత నా కొంప ముంచింది.

ఆ ఏడు మద్రాసులో మా పలకలు తీసుకునే ఏజెంటు పెట్టెలు తిప్పి పంపడం మొదలుపెట్టాడు. పది పలకలకు రెండు పగిలి వస్తున్నాయన్నాడు. ఏరేది ఆరుగురైతే పెట్టెలు నింపేది ఇంకెవరో, తొందరలో మంచివీ చెడ్డవీ కలిపేసేవాళ్లు. చివరికి ఒకే మనిషి బాధ్యుడుగా ఉండాలని, ప్రతి పెట్టె మీదా అతని ముద్ర పడాలని, ఆ మనిషిని తాను స్వయంగా వచ్చి పరీక్షించి తీసుకుంటానని ఏజెంటు జాబు రాశాడు. నెల జీతం, కుర్చీ, ముద్ర. చదవడం రాయడం వచ్చిన మగవాళ్లు దరఖాస్తు పెట్టుకోవాలని గేటుకు కాగితం అంటించారు.

ఆ కాగితం షెడ్డులో చదివి వినిపించింది నేనే. అయిదుగురూ ఆమె మొహం చూశారు. ఆమె చేతిలో ఉన్న పలకను కొట్టి, విని, మంచివాటిలో పెట్టింది. తర్వాత నన్ను చూసి, "నువ్వు పెట్టుకో అల్లుడా. నీకు చదువొచ్చు గదా. ఇనేది నేను నేర్పిస్తా" అన్నది.

నేను ఆమెను అత్తా అనేవాణ్ని. కార్ఖానాలో అందరూ అందరికీ ఏదో ఒక వరసే. కానీ వరస వరసే, కుండ కుండే. కార్ఖానాలో నీళ్ల కుండలు రెండుండేవి, అవతల ఊరిది ఒకటి, షెడ్డులో పల్లెది ఒకటి. నెల రోజులు ఆమె కుండ పక్కనే కూర్చుని నేర్చుకుని, దప్పికైతే లేచి ముప్పై అడుగులు నడిచి మా కుండలో తాగి వచ్చేవాణ్ని. ఆమె ఎప్పుడూ ఏమీ అనలేదు. నేను లేచినప్పుడు మాత్రం పాఠం ఆపేది.

పాఠం మధ్యాహ్నం కూటి వేళ జరిగేది. మొదటి రోజు పలక ఇవ్వలేదు. దగ్గరికి రమ్మని, నా నుదుటి మీద మెటికతో ఒకటి కొట్టింది. తల వంచి విన్నది. ఆడవాళ్లంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తున్నారు.

"కొంచెం జొరంగా ఉంది. ఎండకు పెడితే మోగుతుందిలే."

వారం రోజులు పలక పట్టుకోవడమే నేర్పింది. గట్టిగా పట్టుకుంటే పలక గొంతు పిసికినట్టే అనేది. తర్వాత వారం కొట్టడం. తర్వాత నోరు మూసుకోవడం. ఇది నాకు అన్నిటికన్నా కష్టమైంది. కొట్టగానే మంచిదనో కాదనో అనేసేవాణ్ని. ఆమె నా నోటి మీద గడ్డిపోచతో తట్టేది. పలక మాట అయిపోయినాక నీ మాట, అనేది. నిజంగానే మోగిన పలక లోపల ఇంకొంచెంసేపు ఏదో సన్నగా నడుస్తూ ఉంటుంది. అది ఆగిందాకా ఓపిక పడితే, అబద్ధాల పలక చివర్న దొరికిపోతుంది. నా జీవితంలో నేను విన్న మొదటి నిశ్శబ్దం అదే.

చేతి గురించి ఒక మాట రోజుకోసారి చెప్పేది. "చెయ్యి మాట్లాడకూడదు అల్లుడా. పలక మాట్లాడాల."

ఒకవైపు ఇది నేర్చుకుంటూ, ఇంకోవైపు నా సొంత తెలివితో నేను వేరే తయారీ చేశాను. కార్ఖానా గుమాస్తా ఒకాయన, దొరల ముందు నిలబడాలంటే సర్కారు సంగతులు తెలియాలన్నాడు. గవర్నరు పేరు, ప్రెసిడెన్సీలో ఉన్న జిల్లాలన్నీ, మైలుకెన్ని గజాలు, టన్నుకెన్ని మణుగులు. అన్నీ బట్టీ పట్టాను. గంజాం ఒరిస్సాలో కలిసిపోయిన సంగతి పాత పేపర్లో చదివి, జిల్లాల లిస్టులోంచి దాన్ని తీసేసి, ఇది గుమాస్తాకే తెలియదని సంబరపడ్డాను. వీటిలో ఒక్కటీ ఎవరూ అడగలేదు. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగితే చెబుతాను.

పరీక్షకు రెండు రోజుల ముందు ఆమె దొర వేషం కట్టింది. ప్యాకింగ్ పెట్టె బోర్లించి దాని మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. నోట్లో గడ్డిపోచ చుట్టలాగా. చిన్నప్పుడు మిషన్ బంగళాలో ఊడ్చే పని చేసిందట. దొరలు కుర్చీలో ఎలా కూర్చుంటారో, మనిషిని చూడకుండా మనిషితో ఎలా మాట్లాడతారో ఆమెకు బాగా తెలుసు. నన్ను షెడ్డు బయటికి పంపి, పిలిచి, లోపలికి రమ్మని, మళ్లీ బయటికి పంపింది. చెప్పులు ఎక్కడ విడుస్తావని అడిగింది. చెమట ఎందుకు పోస్తా ఉంది నీకు అని అడిగింది. ఈ పలక మంచిది, నువ్వు చెడ్డదన్నావు, నేను అబద్ధాలాడుతున్నానా అని గద్దించింది. నేను తడబడ్డాను. అట్ల అడిగినప్పుడు పలకను దొర చేతికి ఇచ్చేయాల, కొట్టి చూసుకోమని, అన్నది. చదువెక్కడ అన్నది. జీతం చాలకపోతే దొంగతనం చేస్తావా అన్నది. షెడ్డంతా నవ్వులు. ఆమె మాత్రం నవ్వలేదు. ఏజెంటు అడగగలిగినవన్నీ అడిగింది.

ఒక్కటి అడగలేదు. ఈ విద్య నీకు ఎవరు నేర్పినారు అని అడగలేదు. మరిచిపోయిందనుకున్నాను. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర సిద్ధంగా లేదంటే, అది నాకు నేర్పనందువల్లేనని చానా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను.

పరీక్ష రోజు పొద్దున మా అమ్మ కొండకు మొక్కుకుని, ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన రాగి కడియం నా కుడి చేతికి తొడిగింది. తీస్తే ఒట్టు అన్నది. అమ్మ మాట కాదనలేక వేసుకుని పోయాను. ఎనిమిదిమందిమి వరండాలో నిలబడ్డాము. అందులో అయిదుగురు స్కూలు ఫైనలు దాకా చదివినవాళ్లు. నేను తప్ప అందరివీ ఇస్త్రీ చొక్కాలు, చేతికి ఉంగరాలు. నా చొక్కా మా నాయనది. నన్ను చివర్న పిలిచారు.

లోపల కోటు వేసుకున్న మద్రాసు ఏజెంటు, పక్కన శెట్టిగారు, బల్ల మీద పలకలు అయిదు. ఏజెంటు మనిషి సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. చదువు ఎంతవరకు అని అడిగి, జవాబు రాసుకుని, ఏరమన్నాడు.

మొదటి పలక ఎత్తాను. మూల పట్టాను. వేలాడనిచ్చాను. కొట్టాను. కడియం కూడా మోగింది.

రెండు మోతలూ కలిసిపోయాయి. ఏది పలకదో ఏది నా చేతిదో తెలియలేదు. నెలరోజుల పాఠంలో నా చేతికి ఏమీ లేదు. ఒట్టు సంగతి గుర్తొచ్చింది, ఆమె గడ్డిపోచ గుర్తొచ్చింది. మంచిదని అనేసి రెండోది ఎత్తుకుందామా అనిపించింది. పలకను మెల్లగా బల్ల మీద పెట్టాను. కడియం లాగితే రాలేదు. పళ్లతో పట్టి లాగి, చర్మం గీరుకుని, తీసి జేబులో వేసుకున్నాను. మళ్లీ కొట్టుకోవచ్చా అని అడిగాను.

ఎందుకు తీసినావు అన్నాడు ఏజెంటు.

"చెయ్యి మాట్లాడకూడదండి. పలక మాట్లాడాల."

ఆయన రాసుకోవడం ఆపి నన్ను చూశాడు. నా ముందు లోపలికి పోయిన ఏడుగురూ ఉంగరాల వేళ్లతోనే కొట్టారట. శెట్టిగారు తర్వాత చెప్పాడు. మిగతాదంతా నేను చేసింది కాదు, నా చేత ఆమె చేయించింది. రెండు మంచివి. ఒకటి నెర్రె. నాలుగోది బొంగురుగా పలికింది గానీ తేమగా తగిలింది. ఇది జొరమొచ్చిందండి, ఎండకు పెట్టి మళ్లీ అడగాల అన్నాను. దాన్ని ఆయన కావాలనే నీళ్లలో ముంచి తెప్పించాడట. అయిదోది మొదటి మూల ఖంగుమంది. నోరు మూసుకున్నాను. రెండో మూల ఖంగుమంది. మూడో మూల మూగది. పక్కన పెట్టాను. ఇది మంచిదని నేనంటాను అన్నాడు ఏజెంటు. పలకను రెండు చేతులతో ఆయనకు అందించాను. ఆయన కొట్టి చూడలేదు. నవ్వాడు.

అప్పుడు అడిగాడు, ఎవరు నేర్పినారు అని.

కిటికీ తెరిచే ఉంది. ముప్పై గజాల దూరంలో షెడ్డు. అక్కడినుంచి పలకల మోత వస్తూ ఉంది. అందులో ఆమెది ఏదో నేను గుర్తుపట్టగలను, మిగతా అయిదుగురికన్నా ఆమె నిదానం. ఆ మోత ఆ క్షణంలో కూడా వినిపిస్తూనే ఉంది. శెట్టిగారు నన్నే చూస్తున్నాడు. పల్లె ఆడమనిషి నేర్పిందంటే ఈయన నవ్వుతాడేమో అనుకున్నాను. లేదా, అట్లయితే ఆమెనే పిలవండి అని ఏజెంటు అంటాడేమో అనుకున్నాను. రెండోదే నన్ను ఎక్కువ భయపెట్టింది. అందుకే రాస్తున్నాను.

"ఎవరూ లేరండి. నాకై నేనే నేర్చుకున్నా" అన్నాను.

ఏజెంటు శెట్టిగారితో ఇంగ్లీషులో ఏదో మెచ్చుకోలుగా అన్నాడు. పాత పేపర్ల పుణ్యాన అది నాకు అర్థమైంది. ఇట్లాంటి స్వయంకృషి గలవాళ్లు అరుదు అని. ముద్ర నా చేతిలో పెట్టారు.

బయటికి వచ్చేసరికి ఆమె చేతిలో పలక పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. ఏమడిగినారో అన్నీ చెప్పమన్నది. కడియం సంగతి చెప్పాను. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. జొరమొచ్చిన పలక సంగతి చెప్పాను. పలక ఏజెంటు చేతికి ఇచ్చిన సంగతి చెప్పాను. ఇంకేమడిగినారు అన్నది. ఇంకేం లేదు అన్నాను. ఆమె ఒక క్షణం తల ఎడమ పక్కకు వంచింది. నుదురు మీద కొడుతుందేమోనని నేను ముందుకు వంగాను. కొట్టలేదు. పొయ్యి మీ అమ్మకు చెప్పు పో, ఎదురుచూస్తా ఉంటది, అని పనిలోకి పోయింది.

ఆ తర్వాత ఆ ఉద్యోగం ఎవరు చేశారో చెప్పాలా? నేను కుర్చీలో కూర్చునేవాణ్ని. పలక ఆమె చేతిలోంచి నా బల్ల మీదికి వచ్చేది. నేను మళ్లీ కొట్టేవాణ్ని, ఎప్పుడైనా అనుమానమొస్తే ఆమెవైపు చూసేవాణ్ని. ఆమె తలెత్తకుండానే ఒక వేలు పైకెత్తితే మంచిది, కిందికి దించితే కాదు. ముద్ర నాది. మద్రాసు నుంచి ఒక్క పెట్టె తిరిగి రాలేదు. దసరాకు శెట్టిగారు నాకు పంచెల చాపు పెట్టాడు. ఆమెకు రోజుకూలి, వాన పడి షెడ్డు కారితే ఆ రోజు కూలి లేదు.

నేను అర్జీలు పెట్టాను. మూడుసార్లు. ఆమెకు కూడా మేస్త్రీ హోదా ఇవ్వాలి, కుర్చీ వేయాలి, నెల జీతం ఇవ్వాలి అని. నా అర్జీలు ఎంత ఘాటుగా ఉండేవంటే గుమాస్తా వాటిని ఇంటికి తీసుకుపోయి భార్యకు చదివి వినిపించేవాడట. అన్యాయం, అక్రమం, శ్రమదోపిడీ, పేపర్లలో నేర్చుకున్న మాటలన్నీ పెట్టాను. శెట్టిగారు మొదటిదానికి నవ్వాడు. రెండోదానికి కోప్పడ్డాడు. మూడోదానికి బదులే లేదు. ఆ మూడింటిలోనూ, నాకు ఈ పని నేర్పింది ఆమే అన్న ఒక్క ముక్క లేదు. ఆ ఒక్క ముక్క ఉంటే మిగతా ఘాటు అక్కరలేదు. ఆ సంగతి అప్పుడూ నాకు తెలుసు. అందుకే ఘాటు పెంచుతూ పోయాను.

అర్జీ పెట్టినప్పుడల్లా ఆమె నన్ను ఆటపట్టించేది. కుర్చీ నాకెందుకు అల్లుడా, దాంట్లో కూర్చుంటే కాళ్లు నేలకు ఆనవు, అనేది. గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను, అట్లా కలిసి పనిచేసిన ఎనిమిదేళ్లలో ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. పొద్దున నేను రావడం కాస్త ఆలస్యమైతే, నా బల్ల తుడిచి పెట్టేది. నా పెళ్లికి కుండలు తానే కొట్టి ఏరి తెచ్చింది. అందులో ఒకటి మా ఇంట్లో మొన్నమొన్నటిదాకా ఉండేది. ఇంతా చేసి, కార్ఖానాలో ఉన్నన్నాళ్లూ నా నుదురు మాత్రం మళ్లీ కొట్టి చూడలేదు.

వేలి మెటిక వాచి, వంగడం మానేశాక ఆమె పని వదిలేసింది. హనుమంతునిపాడు పక్కన పల్లెలో కూతురి దగ్గరికి పోయింది. మాది కర్నూలు జిల్లా, అది నెల్లూరు జిల్లా. ఆంధ్ర రాష్ట్రం కావాలని ఊరేగింపులు నడుస్తున్న రోజులు. ఆమె పోయిన తర్వాత మొదటి నెలలోనే మద్రాసు నుంచి నా ముద్ర ఉన్న పెట్టె తిరిగి వచ్చింది. అబద్ధాల పలకలు నాలుగు. ఆ పెట్టె ముందు కూర్చుంటే నాకు షెడ్డు నుంచి వచ్చే ఆ నిదానం మోత లేదని తెలిసింది. ఆమె ఉండగా చెప్పకపోతే ఇంకెవరికి చెప్పినా అది లెక్కలోకి రాదనిపించింది. సెలవు పెట్టి బయలుదేరాను.

బస్సు దిగి నడిచి పోయేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. గుడిసె ముందు చేటలో కందులు ఏరుతూ ఉంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. ఏమొచ్చింది అల్లుడా ఇంతదూరం, పలకలు మాట ఇంటా ఉండాయా అన్నది. వినడం లేదన్నాను. దప్పికగా ఉంది. లోపల కుండ కనిపిస్తోంది. నీళ్లివ్వు అత్తా అన్నాను. ఆమె ఒకసారి నా మొహం చూసి, కూతురిని పిలవకుండా, తానే లేచి పోయి చెంబుతో తెచ్చి ఇచ్చింది. నేను తాగినంతసేపూ నిలబడే ఉంది.

చెప్పాను. ఏజెంటు అడిగిన చివరి ప్రశ్న, నేను ఇచ్చిన జవాబు, కిటికీలోంచి నీ మోత వినిపిస్తూ ఉండగానే చెప్పినానని కూడా చెప్పాను. నువ్వు ఆ ప్రశ్న నన్ను ముందే అడిగి ఉంటే, దానికి జవాబు నేర్పి ఉంటే, అని కూడా ఏదో అన్నాను. ఇంత వయసొచ్చి ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటకే ఎక్కువ సిగ్గుపడతాను.

ఆమె చేట కింద పెట్టింది. దగ్గరికి రమ్మన్నట్టు చెయ్యి ఊపింది. వాచిపోయిన వేలు వంగదు గనక, పక్క వేలి మెటికతో నా నుదుటి మీద ఒకటి కొట్టింది. తల వంచి, కళ్లు మూసుకుని, మోత ఆగిందాకా విన్నది. తర్వాత అన్నది:

"ఆ సంగతి నాకు ఆ పొద్దే తెలుసులే నాయనా. పలక పట్టేది నేను నేర్పినా, కొట్టేది నేను నేర్పినా, నోరు మూసుకొని ఇనేది నేను నేర్పినా. ఆ మాట మటుకు నేను నేర్పలే. అదొక్కటీ నువ్వు నీకై నువ్వే నేర్చుకున్నావు."